కాసోస్ నుంచి కార్పథోస్‌కు ఏడు నిమిషాలు

మా కాసోస్ దీవిలో ఆయన్ని నిమిషాల నికితాస్ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆయనా నొచ్చుకోడు. నలభై ఏళ్లు సరకుల ఓడల మీద సెకండ్ మేటుగా చేసిన మనిషి. ఓడలో పటాలూ గడియారాలూ చూసుకునేది సెకండ్ మేటే. రిటైరై ఇంటికొచ్చాక పటాలతో పని పోయింది కానీ గడియారాల జబ్బు ఒంట్లోనే ఉండిపోయింది. ఆయా మరీనా ఊళ్లో తన ఇంటి గుమ్మం నుంచి రేవు దాకా ఎన్ని అడుగులో, అదే దారి ఎక్కేటప్పుడు ఎన్ని ఎక్కువవుతాయో, మకరోనీ ఉడకడానికి ఎంతసేపు పడుతుందో, ఫాదరుగారి ప్రసంగం ఏ ఆదివారం ఎంత సాగిందో, అన్నీ ఆయన దగ్గర రాసి ఉంటాయి. భార్య అనెజీనా బతికున్నన్నాళ్లూ "నీ పక్కన పడుకుంటే టిక్కు టిక్కుమని వినపడుతుందయ్యా" అనేది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో వినపడేది నిజంగానే గడియారాల చప్పుడు ఒక్కటే.

విమానం గొడవ కాఫీకొట్లో మొదలైంది. మా దీవికి వారానికి మూడుసార్లు చిన్న విమానం వస్తుంది. క్రీటు నుంచి వచ్చి, మా దగ్గర ఆగి, పక్క దీవి కార్పథోస్‌కి వెళ్లి, అక్కడ అరగంట నిలబడి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మాకూ కార్పథోస్‌కీ మధ్య గాలిలో పన్నెండు సముద్రమైళ్లు. లేచిందంటే దిగినట్టే. ఆ మధ్యలో పట్టేది ఎంతసేపన్నదే తగువు.

"టైంటేబుల్లో పది నిమిషాలని ఉందిగా," అన్నాడు కెప్టెన్ మావ్రిస్. ఈయనా నికితాసూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఒకడు కెప్టెనయ్యాడు, ఒకడు కాలేదు. ఆ ముక్క ఏడాదికి ఓ యాభైసార్లయినా మాటల్లోకి రాకుండా ఉండదు.

"టైంటేబుల్లో వేసేది తలుపు మూసిన దగ్గర్నుంచి తలుపు తీసేదాకా," అన్నాడు నికితాస్. "నాక్కావలసింది అది కాదు. చక్రాలు నేల వదిలిన క్షణం నుంచి చక్రాలు నేల తాకిన క్షణం దాకా. అదీ ప్రయాణమంటే."

"అయితే టిక్కెట్టు కొనుక్కుని ఎక్కి చూడరా. ఎవడొద్దన్నాడు?"

"ఒక్కసారి ఎక్కితే అది చుట్టపుచూపు. లెక్క తేలాలంటే ఎండలో చూడాలి, వానలో చూడాలి, ఉత్తరపు గాలిలో చూడాలి. కనీసం వందసార్లు చూడాలి."

"కెప్టెనయి ఉంటే నీకీ తీరిక ఉండేది కాదు," అన్నాడు మావ్రిస్.

ఆ మర్నాడే నికితాస్ రన్‌వే పక్కనున్న రాళ్లగోడ మీద సీటు వేశాడు. ఇక్కడ చక్రాలు లేవడం శుభ్రంగా కనబడుతుంది. చిక్కల్లా అవతలి ఒడ్డుతోనే. విమానం నీళ్ల మీదుగా పోయిపోయి ఈగంతై ఎండలో కలిసిపోతుంది. దిగడం చూసి చెప్పడానికి అక్కడ ఒక మనిషి కావాలి. ఓడలో తగిలిన కార్పథోస్ టాక్సీవాడిని అడిగితే, విమానాశ్రయంలో ఫోనెత్తే నెంబరు ఒక్కటే ఉందనీ, అది క్యాంటీన్‌దనీ చెప్పి రాసిచ్చాడు.

"హలో, పాలకూర పఫ్ అయిపోయింది. జున్ను పఫ్ ఉంది," అంది ఒక ఆడగొంతు.

"పఫ్ కోసం కాదమ్మా. కాసోస్ నుంచి మాట్లాడుతున్నాను. మీకు అక్కడి నుంచి రన్‌వే కనబడుతుందా?"

అవతల బల్ల మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. "కనబడకేం," అంది.

"ఇక్కడ విమానం ఇప్పుడే లేచింది. అక్కడ చక్రాలు నేలకి తగలగానే 'దిగింది' అని ఒక్క మాట చెప్పండి. అంతే పని."

"ఎవరైనా వస్తున్నారా అందులో మీవాళ్లు?"

"ఎవరూ రావట్లేదు."

"మరెందుకు?"

"తెలుసుకుందామని."

ఆవిడ నవ్వింది. వెక్కిరింతగా కాదు, నవ్వి చాలాకాలమైన మనిషి నవ్వినట్టు నవ్వింది. "మీ కాసోస్ మగవాళ్లందరూ కెప్టెన్లేగా. మీరూ కెప్టెనేనా?" నికితాస్ గొంతు సవరించుకున్నాడు. ఆవిడ దాన్నే అవుననుకున్నట్టుంది. "సరే కెప్టెన్‌గారూ, చెప్తాను. ఈలోగా లైను పెట్టెయ్యకండి, మళ్లీ కలవదు."

ఈలోగా అంటే విమానం గాలిలో ఉన్నంతసేపూ. ఫోను పట్టుకుని ఇద్దరు మనుషులు మాట్లాడకుండా ఎంతసేపని ఉంటారు? ఆవిడ పేరు సెవాస్తి అని తెలిసింది. భర్త పోయాడని తెలిసింది. మోకాలు పట్టేస్తే ఎడమకాలు ముందు పెట్టి మెట్లు దిగుతుందని తెలిసింది. "దిగింది!" అంది సెవాస్తి. నికితాస్ గడియారం చూశాడు. ఏడు నిమిషాల రెండు సెకన్లు.

అదీ మొదటి వరస. ఓడల్లో వాడే గీతల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, తేదీ, గాలి ఎటునుంచి, సముద్రం ఎలా ఉంది, లేచిన సమయం, దిగిన సమయం, మధ్య తేడా అని గళ్లు గీసి రాసుకున్నాడు. తర్వాతి విమానానికి మళ్లీ ఫోన్ చేశాడు. ఏడు నిమిషాల పది. ఆ తర్వాతది ఆరు నిమిషాల యాభై. అలా వంద వరసలయ్యాయి. వందయ్యాక ఆపాలి కదా, ఆయన మాట ప్రకారం లెక్క తేలినట్టే కదా. ఆపలేదు. చలికాలపు గాలుల లెక్క ఇంకా చాల్లేదన్నాడు.

వారానికి ఇరవై ఒక్క నిమిషాలు. ఆ ఇరవై ఒక్క నిమిషాల్లో మూడేళ్లు గడిచిపోయాయి. ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుట్టే చుట్టలు చిటికెనవేలి కంటే లావైతే కాసోస్‌లో ఆ చుట్టిన పిల్లకి పెళ్లి కాదని ఆయన అంటే, చిటికెనవేలంత చుట్టలు చుట్టుకుంటూ కూర్చుంటే కార్పథోస్‌లో మగాళ్లు పస్తులుంటారని ఆవిడ అంది. మా దీవి మీగడజున్ను సిటాకా ఎలా కాస్తారని అడిగింది. పాలు పులియబెట్టి, ఉప్పేసి, కట్టెపుల్లల మంట మీద చిక్కబడేదాకా కలుపుతూనే ఉండాలని చెప్పాడు. "ఎంతసేపు?" అంది. "నాలుగు గంటల పదకొండు నిమిషాలు," అన్నాడు. ఆ రోజు నవ్వుతూ నవ్వుతూ ఆవిడ దిగిందని చెప్పడం మర్చిపోబోయింది. అనెజీనా సంగతి కూడా ఒకసారి చెప్పాడు. చివరి నెలలో ఆవిడ ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టాడనీ, అది మాత్రం ఎక్కడా రాయలేదనీ చెప్పాడు. ఈ మాట ఆయన కాఫీకొట్లో ఎవరితోనూ అనలేదు. సెవాస్తి ఆ రోజు నెమ్మదిగా "దిగింది, కెప్టెన్‌గారూ," అంది. ఏడు నిమిషాల ఆరు సెకన్లు.

ఈ లెక్కని మావ్రిస్ మొదటి ఏడాదే తప్పుపట్టాడు. చక్కెర పొట్లం కాగితం మీద పెన్నుతో గీసి చూపించాడు.

"పన్నెండు మైళ్లు ఏడు నిమిషాల్లో అంటే గంటకి నూట మూడు మైళ్లురా. ఆ నడకకి విమానం గాలిలో నిలవదు, నీళ్లలో పడుతుంది."

"తిన్నగా పోతే కదా పన్నెండు మైళ్లు! లేచాక మలుపు తిరగాలి. గాలి పక్కనుంచి తోస్తుంటే ముక్కు అటు పెట్టి ఇటు పోవాలి. దిగేటప్పుడు గాలికెదురు రావాలంటే దీవి కొస చుట్టి రావాలి. అవన్నీ కలుపు."

"గాలే లేని రోజు కూడా ఏడేనా?"

నికితాస్ వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అయినా అవతల చూసి చెప్పే మనిషి మాటని అనుమానించాలని మాత్రం ఆయనకి తట్టలేదు. నలభై ఏళ్లు ఓడ ముందు కావలికి నిలబెట్టిన మనిషి దీపం కనబడిందంటే కనబడినట్టే రాసుకున్నాడు. గాలిని అనుమానించాడు, కెరటాన్ని అనుమానించాడు, చివరికి తన వాచీని మూడుసార్లు రిపేరుకిచ్చాడు. మా దీవివాళ్లు చేసే తప్పే ఇది. నీళ్ల మీద బతికినవాడికి తేడా ఎక్కడొచ్చినా గాలే కనబడుతుంది.

మొన్న సెప్టెంబరులో గాలి మరీ రేగిపోయి విమానం మా దగ్గరే గంటసేపు ఆగిపోయింది. దాన్ని నడిపే అమ్మాయి కాళ్లు చాపుకోవడానికని గోడ దాకా వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నికితాస్ టోపీ తీసి, పుస్తకం తెరిచి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇక్కడ చక్రాలు లేచినప్పటి నుంచి అక్కడ చక్రాలు తగిలేదాకా ఎంతసేపు పడుతుంది మీకు?"

"ఐదు నిమిషాలు," అంది.

"ఎప్పుడూనా?"

"ఐదుకి కాస్త అటూ ఇటూ. ఎంత గాలున్నా ఆరు దాటదు తాతా. మా దగ్గర ప్రతిదీ రాసి ఉంటుంది." పుస్తకంలోకి తొంగిచూసి పేజీలు తిప్పింది. "అబ్బో, ఎంత చక్కగా రాశారు! కానీ ఇవన్నీ తప్పే. దిగింది అని చెప్పేదెవరు?"

నికితాస్ ఆ మధ్యాహ్నం తిండి ముట్టలేదు. ఓడ దినచర్య పుస్తకంలో తప్పుడు రాత రాయడమంటే ఏమిటో బయటివాళ్లకి తెలియదు. తాగి పడుకున్నవాడిని ఓడలో క్షమిస్తారు. కెప్టెన్ని తిట్టినవాడిని రేవులో దింపి ఊరుకుంటారు. తప్పు రాసినవాడికి మాత్రం ఇంకో ఓడ దొరకదు. నలభై ఏళ్లలో ఆయన చేత్తో ఒక్క తప్పుడు అంకె పడలేదు. ఇప్పుడు నాలుగువందల పన్నెండు వరసలు. నాలుగువందల పన్నెండూ తప్పే.

తర్వాతి విమానం లేవగానే ఫోన్ చేశాడు. ఆవిడ పలకరించేలోపే అడిగేశాడు.

"సెవాస్తిగారూ, మీరు చూసి చెప్తున్నారా, నోటికొచ్చింది చెప్తున్నారా?"

జవాబు కోసం ఆగలేదు.

"విమానం దిగేది ఐదు నిమిషాలకి. మీరు చెప్పేది ఏడు నిమిషాలకి. మూడేళ్ల నుంచి నా చేత తప్పుడు రాత రాయించారు. ఇది ఆటనుకున్నారా?"

"కెప్టెన్‌గారూ," అంది సెవాస్తి. "మీరు కెప్టెన్ కాదని మొదటి వారమే మా టాక్సీ అతను చెప్పాడు. నేను ఎప్పుడైనా అడిగానా?"

లైను తెగిపోయింది. విమానం ఇంకా గాలిలోనే ఉంది.

రెండు వారాలు నికితాస్ ఫోన్ చేయలేదు. గోడ దగ్గరికి మాత్రం వెళ్లేవాడు. ఎందుకెళ్తున్నావురా అని మావ్రిస్ అడిగితే గాలి కోసం అన్నాడు. విమానం లేచేది, చిన్నదైపోయేది, కనబడకుండా పోయేది. ఐదు నిమిషాలకి అది దిగిపోయి ఉంటుందని ఇప్పుడాయనకి తెలుసు. అయినా ఏడో నిమిషం దాటేదాకా కూర్చునేవాడు. పౌరుషం ఒక పక్క, సిగ్గు ఒక పక్క, వీటి రెండింటికంటే పెద్దగా ఇంకేదో ఉంది. అది బెంగ. డెబ్బై ఒకటో ఏట, మొహమైనా చూడని మనిషి మీద బెంగపెట్టుకున్నానని ఒప్పుకోవడానికి ఆయనకి మరో వారం పట్టింది.

ఒప్పుకునేసరికి కాఫీకొట్టు తలుపు మీద కాగితం అంటించి ఉంది. చలికాలం టైంటేబులు. వచ్చే ఆదివారం నుంచి విమానం దీవికీ దీవికీ మధ్య తిరగదట. మాకు క్రీటు నుంచి వేరే విమానం, కార్పథోస్‌కి రోడ్స్ దీవి నుంచి వేరే విమానం. కాసోస్ నుంచి కార్పథోస్‌కు గాలిలో వెళ్లే ఆఖరి ప్రయాణం శనివారం.

మావ్రిస్ వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం చేస్తావురా ఇప్పుడు?"

"పుస్తకం సరిచేయించుకోవాలి," అన్నాడు నికితాస్.

"పుస్తకమా?"

"పుస్తకమే."

"సరే," అన్నాడు మావ్రిస్. ఎప్పుడూ లేనిది, కెప్టెన్ ఊసు ఎత్తకుండా కాఫీ తెప్పించాడు. "నీలం చొక్కా వేసుకెళ్లు. ఇది నీ మొహానికి బాగోలేదు."

శనివారం నికితాస్ నీలం చొక్కా వేసుకుని, గడ్డం రెండుసార్లు గీసుకుని, పోను రాను టిక్కెట్టుతో విమానం ఎక్కాడు. వెళ్లడం, అరగంట ఆగడం, అదే విమానంలో రావడం. అరగంటలో అడగాల్సింది ఏమిటో ఇంటి దగ్గరే అనుకున్నాడు. చక్రాలు నేల వదిలాయి. వాచీ నొక్కాడు. తను మూడేళ్లు కూర్చున్న గోడ కిందనుంచి జారిపోయింది, ఇంత చిన్నదా అనిపించింది. ఒక తెల్లటి కెరటం, ఒక చేపల పడవ, అంతే, అవతలి కొండలు వచ్చేశాయి. పక్క సీటావిడ సంచిలోంచి కళ్లజోడు వెతికి తీసేలోపు చక్రాలు తగిలాయి. ఐదు నిమిషాల ఎనిమిది సెకన్లు. పైలట్ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకి సంతోషం కలగలేదు. మనుషులు ఇంత దగ్గరగా ఉండి కూడా, అనుకున్నాడు.

విమానం మెల్లగా మెలికలు తిరిగి భవనం ముందుకొచ్చి ఆగింది.

క్యాంటీన్ లోపలెక్కడో ఒక మూల, బయటి తలుపు పక్కన ఉంది. బల్ల వెనక బూడిదరంగు జుట్టు పైకి ముడేసుకున్న మనిషి, గొంతుని బట్టి ఆయన అనుకున్న దానికంటే పొట్టి. చక్కెర సీసాకి ఆనించి ఫోన్ నిలబెట్టుకుని దానికేసే చూస్తోంది. ఆవిడ వెనక గోడ నిండా గాజుగ్లాసుల అరలు. ఉన్నది ఒకే ఒక్క కిటికీ. అందులోంచి నాలుగు టాక్సీలూ, వాటి పక్కన పడుకున్న ఒక కుక్కా కనబడుతున్నాయి. నికితాస్ అటు చూశాడు, ఇటు చూశాడు, బల్ల చుట్టూ తిరిగి చూశాడు.

"రన్‌వే ఏదీ?" అన్నాడు.

గొంతు వినగానే సెవాస్తి ఫోన్ మీంచి తలెత్తింది. చూసింది. చూస్తూనే ఉంది.

"లేదు," అంది.

"మరి దిగిందని ఎలా చెప్పేవారు?"

"విమానం వచ్చి ఈ గోడ అవతల ఆగుతుంది కదా. ఆ చప్పుడుకి అరల్లో గ్లాసులు గలగలమంటాయి. అవి మోగగానే చెప్పేదాన్ని."

"అది దిగడం కాదండీ. అది ఆగడం. దిగి, తిరిగి, ఇక్కడిదాకా రావడానికి రెండు నిమిషాలు పడుతుంది!"

"నాకేం తెలుసు? నాకు గ్లాసులు మోగడమే దిగడం. నీకు ఒక్కసారీ ముందు చెప్పలేదు, ఒక్కసారీ తర్వాత చెప్పలేదు. మోగిన క్షణానే చెప్పాను."

ఆవిడ నువ్వు అన్న సంగతి ఇద్దరికీ వినపడింది. ఎవరూ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

"మొదటి రోజే కనబడదని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా," అన్నాడు నికితాస్. కోపంగానే అందామనుకున్నాడు, మాట అలా రాలేదు.

"చెప్తే?"

"చెప్తే..."

"చెప్తే రన్‌వే వైపు కిటికీ ఉన్నవాళ్లెవరినో చూసుకునేవాడివి."

నికితాస్ టాక్సీల కిటికీకేసి చూశాడు. చూసుకునేవాడే. అదే రోజు సాయంత్రానికల్లా చూసుకునేవాడు. కిటికీ ఉన్న గుమస్తా ఎవడో ఐదు నిమిషాలకి ఠంచనుగా 'దిగింది' అనేవాడు. వంద వరసలు, ఒక్కటీ తప్పు లేకుండా. వందయ్యాక పుస్తకం మూసి అటక మీద పడేసేవాడు. అది తలుచుకుని నికితాస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇవాళ ఆఖరి విమానం కదా," అంది సెవాస్తి. "ఫోన్ వస్తుందేమోనని పొద్దుటి నుంచీ చూస్తున్నాను. నీకు కోపం పోలేదనుకున్నాను."

"పోలేదు," అన్నాడు. కోపం ఎక్కడుందో ఆయనకే దొరకలేదు.

ఆవిడ కాఫీ కాచి తెచ్చింది. తనకీ ఒకటి పోసుకుని ఎదురుగా కూర్చుంది, ఎడమకాలు చాపుకుని. నికితాస్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఓడ పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు. కాగితం చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టాలి, కింద అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన సరైనది రాసి, రాసినవాడు సంతకం పెట్టాలి. చూసినవాడు కూడా పెట్టాలి. ప్రతి వరసకీ."

"చూసింది నేనేగా."

"నువ్వేగా."

"ఎన్ని వరసలు?"

"నాలుగువందల పన్నెండు."

సెవాస్తి కళ్లజోడు పెట్టుకుంది. ఆయన మొదటి వరస మీద గీత కొట్టి, రెండు నిమిషాలు తీసేసి, సంతకం పెట్టి పుస్తకం ఆవిడవైపు తిప్పాడు. ఆవిడ పెట్టి ఇటు తిప్పింది. మూడో పేజీలో ఉండగా కాసోస్ ప్రయాణికులు రావాలని మైకులో పిలిచారు. నాలుగో పేజీలో ఉండగా పేరు పెట్టి పిలిచారు. నికితాస్ తలెత్తలేదు. వెనక అరల్లో గ్లాసులు గలగలలాడి ఆగిపోయాయి.

"మీ ఊరికి ఓడ మళ్లీ ఎప్పుడు?" అంది సెవాస్తి, సంతకం పెడుతూనే.

"మంగళవారం."

"అయితే నెమ్మదిగా కొట్టు. గీతలు వంకరపోతున్నాయి."